వసారాలో విప్పిన యంత్రము

మేము మా యింటి వెనుక వసారాలో ఒక మోటారుసైకిలు యంత్రమును పూర్తిగా విప్పి, అందలి ప్రధాన బేరింగులను తొలగించి, క్రొత్తవి కూర్చి నడపితిమన్న వార్త మా పాఠశాల మిత్రులకు తెలిసినప్పుడు కొందఱు నవ్విరి, కొందఱు నమ్మలేదు. ముప్పది సంవత్సరములు గణవిభజన చెప్పిన చేతులకు స్పానరు అలవడునా యని వారి సందేహము. అలవడినదని మేమును చెప్పజాలము. కాని పత్రికకు ఏదైన వ్రాసి యిమ్మని పిల్లలు వచ్చి అడిగినప్పుడు, 2023వ సంవత్సరపు వేసవి సెలవులలో చేసిన ఆ పని తప్ప వేరొకటి మనసునకు తట్టలేదు.

‘మేము’ అనుట వ్రాతగాండ్ర అలవాటు. వ్రాయునది ఒక్కరే యైనను పదిమంది వలె పలుకుదుము. ఈ వ్యాసమున మాత్రము ఆ బహువచనము కొంతవఱకు నిజము. ఏలయన పని చేసినది మేమును మా మేనల్లుడును.

బండి మా తండ్రిగారిది. యెజ్డీ రోడ్‌కింగు, 1984లో కొన్నది. చెకొస్లొవేకియా దేశపు జావా బండ్లను 1961 నుండి మైసూరులో చేయనారంభించిన సంస్థయే 1973 నుండి యెజ్డీ యను పేరుతో వానిని విక్రయించెను. 1996లో ఆ కర్మాగారము మూతపడెను. రెండు ఘాతముల యంత్రము. సిలిండరు ఒకటియే యైనను పొగగొట్టములు రెండు. గేరు మార్చుటకును, కిక్కు కొట్టుటకును ఒకే కడ్డీ. క్రొత్తవారు ఆ కడ్డీని చూచి తికమకపడుట మా వీధిలో నిత్యవినోదముగా నుండెడిది. మా తండ్రిగారు పశువైద్యశాలలో ఉద్యోగి. హోసూరు నుండి బాగలూరు, బేరికె, డెంకణీకోట పోవు త్రోవలలోని పల్లెలన్నిటికిని ఆ బండి మీదనే తిరిగిరి. రాత్రి రెండు గంటలకు ఈనలేక అవస్థపడు ఆవు కొఱకు ఎవరైన వచ్చి తలుపు తట్టిన, ముందు ఆయన దగ్గు, తరువాత బండి కిక్కు, ఆ పిమ్మట వీధి మలుపు దాటునంతవఱకు యంత్రపు ధ్వని వినబడెడివి. తిరిగి వచ్చునప్పుడు మా అమ్మగారు ఆ ధ్వనిని చెరువుకట్ట దగ్గఱనే గుర్తించి పొయ్యి వెలిగించెడివారు.

2016లో ఆయన గతించిరి. మేము బండిని తుడిచి, దుప్పటి కప్పి, వసారాలో నిలిపితిమి. దానిని అమ్మరాదని, ఎవ్వరును నడపరాదని అనుకొంటిమి. అది భక్తి యనియే అప్పుడు తోచెను. ఏడు వర్షాకాలములు దాని మీదుగా గడచినవి.

ఆ దుప్పటి తీసినవాడు మా మేనల్లుడు. వాడు పదవ తరగతి గణితమున రెండుమార్లు తప్పి, పుస్తకము మూసి, ఎవ్వరితోను మాటలాడక కూర్చున్న కాలమది. ‘నీ దగ్గఱనైన నాలుగు దినములుండి బాగుపడునేమో’ యని మా చెల్లెలు వానిని మా యింటికి పంపెను. వాని చేతిలోని ఫోనున ఎల్లప్పుడును ఒకే దృశ్యము: ఎవరో ఒకడు సీటు లేని మోటారుసైకిలుపై నిలుచుండి, ఇంటియెత్తు బండరాళ్ళను కాలు నేల మోపకుండ ఎక్కుచుండును. దానిని ట్రయల్సు అందురట. వేగముతో దానికి నిమిత్తము లేదు. కాలు ఒకమారు నేలను తాకిన ఒక దోషము, మూడు లేక అంతకు మించి తాకిన మూడు దోషములు, దారి విడిచినను పడినను అయిదు. తక్కువ దోషములు గలవాడు గెలుచును. బ్రిటను దేశమున ఇది బహుకాలపు క్రీడ. స్కాట్లండు కొండలలో ఆరు దినములు జరుగు పోటీలో 1965లో శామీ మిల్లరు అను నతడు బుల్టాకో యను తేలికయైన స్పెయిను దేశపు రెండు ఘాతముల బండిపై గెలిచెను. అంతవఱకు అతడు అయిదువందల సీసీల బరువైన ఏరియలు బండిపై పేరు పొందినవాడు. ఆ తరువాత ఆ క్రీడలో బరువైన బండ్ల ప్రాభవము సన్నగిల్లెను. ఇదంతయు మా మేనల్లుడు చెప్పగా వింటిమి. మూడు వారములలో వాడు మాతో అన్ని మాటలు పలుకుట అదియే మొదలు.

“మామా, తాత బండి కూడా అట్లాంటిదే. తక్కువ స్పీడులో బాగా లాగుతుంది” అనెను. వాడన్నది కేవలము కల్పన కాదు. యెజ్డీ సిలిండరు వ్యాసము 65 మిల్లీమీటర్లు, పిస్టను నడక 75 మిల్లీమీటర్లు. నడక ఎక్కువగా నున్న యంత్రము మెల్లగా తిరుగుచునే బలమిచ్చును. మా ఊరి చుట్టును రాతిగుట్టలకు లోటు లేదు. దానిని ట్రయల్సు బండి చేయుట సాధ్యమా యను ప్రశ్నను అప్పటికి ప్రక్కకు పెట్టి, ముందు అది కదలునో లేదో చూతమని సమ్మతించితిమి.

కార్బురేటరు కడిగి, క్రొత్త పెట్రోలున లీటరునకు నలుబది మిల్లీలీటర్ల ఆయిలు కలిపి పోసి, పదునాలుగు కిక్కులు కొట్టిన పిదప అది లేచెను. తెల్లని పొగ వసారా నిండెను. మేము సంతోషించితిమి. లోపలి నుండి మా అమ్మగారు గోడ పట్టుకొని వచ్చి, ఒక నిమిషము విని, “ఒరే, ఇది మీ నాయన బండేనా? ఆయన బండి ఇట్ల మూలిగేది కాదే” అనిరి.

ఆమె చెప్పిన పిదప మాకును వినబడెను. ధ్వని క్రింద ఇంకొక ధ్వని, తిరుగలిలో ఇసుక పడినట్లు. పాదములు మోపు కడ్డీల మీదుగా అది అరికాళ్ళకు తెలియుచుండెను.

మా ఊరి పాతపేటలో ముప్పదియైదేండ్లు అంగడి నడపిన మేస్త్రీ యొకరు కలరు. మా తండ్రిగారి బండిని చూచుచుండినది ఆయనయే. ఇప్పుడు కండ్లు సరిగా కనబడక అంగడి మూసిరి. క్రొత్త అంగళ్ళవారు యెజ్డీ యనగానే చేయి ఊపిరి. కావున మేము ఆయననే ఆటోలో పిలుచుకొని వచ్చితిమి. ఆయన కుడివైపు మూత తీయించి, క్రాంకుషాఫ్టు కొనయందలి డైనమో చక్రమును పట్టుకొని పైకి క్రిందికి కదల్చి, మా చేతిని దానిపై నుంచిరి. అది కదలినది. బేరింగు బాగున్న యెడల అట్లు పైకి క్రిందికి కదలిక యుండరాదు. “పక్కకు కొంచెం పోయి వస్తే పర్వాలేదు. తల ఊపకూడదు అయ్యవారూ. మెయిను బేరింగులు పోయినాయి” అనిరి.

ఆ బేరింగుల పని యేమో పిల్లలకు ఒక్క మాట చెప్పవలెను. పిస్టను పైకి క్రిందికి పోవును; దాని కదలికను గుండ్రని తిరుగుడుగా మార్చునది క్రాంకుషాఫ్టు. ఆ షాఫ్టును ఇరుప్రక్కల మోసి యుంచునవియే ప్రధాన బేరింగులు. నిమిషమునకు మూడువేల చుట్లు తిరుగు నపుడు సెకనునకు ఏబది పేలుళ్ళ దెబ్బలు వాని మీదనే పడును. ఒక్కొక్క బేరింగులో రెండు ఉక్కు కడియములు, వాని నడుమ గాడిలో ఉక్కు గుండ్లు. రెండు ఘాతముల యంత్రమున మఱియొక చిక్కు కలదు. పెట్రోలు, గాలి మొదట క్రాంకు ఉన్న పెట్టెలోనికే పోయి, అచ్చట అదిమివేయబడి, తరువాత సిలిండరు చేరును. కావున ఆ పెట్టె గాలి చొరకుండ బిగువుగా నుండవలెను. బేరింగు వదులైన షాఫ్టు ఊగి, ప్రక్కనున్న ఆయిలు సీలు పెదవిని అరగదీయును. క్లచ్చి వైపు సీలు పోయిన, గేరుపెట్టె ఆయిలు లోపలికి పీల్చబడి తెల్లని పొగ వచ్చును. డైనమో వైపు సీలు పోయిన, వట్టి గాలి చొరబడి పెట్రోలు పాలు తగ్గి యంత్రము వేడెక్కును. అంతియే కాదు, షాఫ్టు కొన ఊగుటచే నిప్పురవ్వ వేయు పాయింట్ల ఎడము కూడ క్షణక్షణము మారుచుండును. ఒక్క బేరింగు చెడిన పది రోగములు కనబడుట ఇందుచేతనే.

“నా కండ్లు పోయినాయి, చెవులు పోలేదు. మీరు విప్పండి, నేను కూర్చొని చెప్తా” అనిరి మేస్త్రీగారు. ఆ విధముగా పని మా మీద పడెను.

విప్పుట సులభము, ఆ సులభత్వమే ప్రమాదము. గేరు ఆయిలు వంచి, పొగగొట్టములు, కార్బురేటరు, చైను, తీగలు విడదీసి, యంత్రమును ఇద్దఱము మోసి బల్లపై పెట్టునప్పటికి మధ్యాహ్నమాయెను. ప్రతి భాగమును తీయుటకు ముందు మా మేనల్లుడు ఫోనున బొమ్మ తీసెను. మరమేకులు కలిసిపోకుండ ఏవి ఎచ్చటివో తెలియుటకు వాడు ఇడ్లీపళ్ళెములు నాలుగు తెచ్చి ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క జట్టు పెట్టెను. ఆ విషయమై మా అమ్మగారు అన్న మాటలు ఇచ్చట వ్రాయము. కాని అంతకన్న మంచి సాధనము మఱి కానరాదు. కొన్ని మరమేకులు నలుబది యేండ్లుగా కదలనివి, తిరుపుళికి లొంగలేదు. (మా ఊరివారు స్క్రూడ్రైవరును తమిళపు మాటతో తిరుపుళి యందురు, మేమును అట్లే వ్రాసితిమి.) సుత్తితో కొట్టిన తనంతట తాను తిరుగు ఇంపాక్టు తిరుపుళిని ఒక లేతు అంగడివారు ఎరవిచ్చిరి. పిస్టను పిన్నును పట్టియుంచు చిన్న తీగకడియము చిటుక్కున ఎగిరి ఎచ్చటికో పోయెను. క్రాంకుపెట్టె నోటిలో గుడ్డ క్రుక్కనందున అది లోపల పడినదేమో యను భయముతో రెండు గంటలు వెదకితిమి. తులసికోట దగ్గఱ దొరికెను.

క్లచ్చి, ప్రైమరీ చైను, డైనమో పుల్లరుతో తీసిన పిదప క్రాంకుపెట్టె రెండు చెక్కలు మిగిలినవి. చుట్టునున్న మరమేకులన్నియు తీసినను అవి విడలేదు. ఇచ్చట సామాన్యముగా జనులు చేయు తప్పు ఒకటి కలదు: ఆ రెండు చెక్కల సందున తిరుపుళి దూర్చి పెకలించుట. అల్యూమినియము మెత్తనిది, ఒక్క గీటు పడినను ఆ దారిని గాలి చొరబడును. మేస్త్రీగారు ఆ సంగతి మూడుమార్లు చెప్పిరి. పెట్టెను వేడిచేసి, కొయ్యసుత్తితో చుట్టును మెల్లగా తట్టుచు పోగా, సాయంకాలము దీపము పెట్టు వేళకు అవి నిట్టూర్పు వంటి చప్పుడుతో విడిపోయెను.

బేరింగులను కిరసనాయిలులో కడిగి ఎండలో పట్టి చూచితిమి. మేము ఎదురుచూచినది అరుగుడు. ముప్పదిరెండేండ్లు పల్లెదారులలో తిరిగిన బండి. దుమ్ము, గోతులు, రాత్రి ప్రయాణములు. అరిగియుండుటలో వింత యేమున్నది? కాని కడియపు గాడిలో కనబడినది అది కాదు. గాడి చాలభాగము అద్దము వలె మెఱయుచుండెను. క్రింది సగమున మాత్రము చిన్న చిన్న నల్లని గుంటలు సమదూరమున నుండెను. మా మేనల్లుడు గుండ్లను వాని పంజరముతో సహా గాడిలో నుంచి చూపెను. ఒక్కొక్క గుంట మీద ఒక్కొక్క గుండు సరిగా కూర్చుండెను.

మేస్త్రీగారు గోటితో ఆ గుంటలను తడవి, “ఇది తిరిగి పోయినది కాదు. నిలిచి పోయినది. ఎన్నేండ్లు పెట్టినారు?” అని అడిగిరి.

నిలిచియున్న యంత్రములో ఆయిలు మెల్లగా క్రిందికి జారిపోవును. పగటి వేడికి, రాత్రి చలికి లోపలి గాలి పీల్చుకొనుచు వదలుచు తేమను తెచ్చును. పెట్రోలులో కలిపెడి ఇథనాలు కూడ నీటిని పీల్చునదే. గుండు గాడిని తాకు చోట ఆ తేమ నిలిచి త్రుప్పు పట్టును. షాఫ్టును నెలకొకమారు చేతితో త్రిప్పియున్నను, పోగులో నాలుగు చుక్కలు ఆయిలు వేసియున్నను చాలియుండెడిది. మా తండ్రిగారు ముప్పదిరెండు సంవత్సరములు తిప్పి చెఱుపని దానిని మేము ఏడు సంవత్సరములు దుప్పటి కప్పి చెఱచితిమి. ఆ రాత్రి మాకు అన్నము సహింపలేదు. మా అమ్మగారు కారణమడిగిరి. బేరింగు ధర ఎక్కువని చెప్పితిమి. ఆమె నమ్మిరో లేదో తెలియదు.

మఱునాడు బెంగుళూరు పోయితిమి, నలుబది కిలోమీటర్లే. బేరింగు అంచున చెక్కియుండు అంకెలలో ఒక చిన్న లెక్క దాగియుండును. ఉదాహరణకు 6305 అని యున్నదనుకొనుడు. కడపటి రెండంకెలను అయిదుచే గుణింపగా వచ్చు 25 మిల్లీమీటర్లు లోపలి రంధ్రపు వ్యాసము. దాని వెలుపలి వ్యాసము 62, వెడల్పు 17. అంకెల తరువాత సీ3 అని యున్నచో, గుండ్లకును కడియములకును నడుమ సామాన్యముకన్న కొంచెము ఎక్కువ ఎడముంచినారని యర్థము. యంత్రము వేడెక్కి, కడియములు బిగిసినప్పుడు గుండ్లు నలిగిపోకుండుట కొఱకు ఆ యెడము. అంగడివాడు రెండు రకములు చూపెను: ఇరుప్రక్కల రబ్బరు మూతలున్నవి, తెరచియున్నవి. దుమ్ము పోకుండునని మేము మూతలున్నవి కొని, తెలివిగా కొన్నామనుకొని వచ్చితిమి. మేస్త్రీగారు వానిని తడిమి చూచి నవ్విరి. “నోరు కుట్టేసి గంజి పోస్తారా అయ్యవారూ?” అనిరి. పెట్రోలుతో కలిసివచ్చు ఆయిలు తుంపరయే ఈ బేరింగులకు ఆహారము. మూత యున్నచో అది లోపలికి చేరదు. మరల బెంగుళూరు, మరల బస్సు చార్జీ.

పాతవానిని తీసి క్రొత్తవానిని కూర్చుట ఈ కథలో మాకు మిక్కిలి నచ్చిన భాగము. బేరింగు వెలుపలి కడియము పెట్టె రంధ్రముకన్న వెంట్రుకవాసి పెద్దదిగా నుండును. కావుననే బిగిసి నిలుచును. సుత్తితో కొట్టి దించిన గుండ్లు దెబ్బతినును, రంధ్రము పగులును. వేడిచేయవలెను. అల్యూమినియము ఉక్కుకన్న ఇంచుమించు రెండింతలు వ్యాకోచించునని మేము కూడ ఏనాడో చదివితిమి, చదివి మఱచితిమి. అది ఎంత యని లెక్క వేసినది మేము కాము. వసారా గోడ మీద బొగ్గుతో మా మేనల్లుడు వేసెను. రంధ్రము 62 మిల్లీమీటర్లు. పెట్టె వేడి 30 నుండి 110 డిగ్రీలకు పెరిగిన, పెరుగుదల 80 డిగ్రీలు. అల్యూమినియము డిగ్రీకి పదిలక్షలలో 23 పాళ్ళు పెరుగును. గుణింపగా 0.114 మిల్లీమీటరు. బేరింగును శీతలపేటికలో సున్నకు క్రింద 18 డిగ్రీలకు చల్లార్చిన, ఉక్కునకు పదిలక్షలలో 12 పాళ్ళ చొప్పున అది 0.036 మిల్లీమీటరు తగ్గును. రెండును కలిపి 0.15. బిగువు అందులో కొలదిపాటియే. “సుత్తి అక్కరలేదు మామా, అదే పడుతుంది” అని బొగ్గు క్రింద పెట్టెను. గణితమున తప్పినవాడు వేసిన లెక్కను మేము రెండుమార్లు సరిచూచితిమి. తప్పు లేదు. ఆ బొగ్గు గీతలను సున్నము కొట్టువారు వచ్చినప్పుడు కూడ చెరపనీయలేదు.

పెట్టె చెక్కలను సబ్బునీటితో కడిగి, పెట్రోలు వాసన యేమాత్రమును లేకుండ ఆరబెట్టితిమి. ఈ జాగ్రత్త మఱచిన ఇల్లు కాలును. ఆరుబయట విద్యుత్తు పొయ్యిపై పాత దోసె పెనమునుంచి, దానిపై చెక్కను పెట్టితిమి. వేడి చాలినదో లేదో తెలియుటకు మా అమ్మగారు దోసెకు చేయునట్లే చేతితో నీళ్ళు చిలుకరించిరి. చుక్క చుయ్యిమని ఆవిరియైన గుర్తు. చెక్కను తిప్పి కొయ్యపై ఒక్కమారు తట్టగానే పాత బేరింగు ఊడి పడెను. క్రొత్తది శీతలపేటిక నుండి తెచ్చి, తోలు చేతితొడుగులతో తిన్నగా రంధ్రముపై నుంచి విడువగా ‘టక్’ అని అడుగంటెను. ఎంత యానందము కలిగినదో చెప్పలేము.

ఆ యానందమే మమ్ము చెఱచినది. రెండవ చెక్క వంతు వచ్చునప్పటికి ఎండ మండుచుండెను. మేస్త్రీగారు భోజనమునకు పోయిరి. ఈమారు బేరింగు కొంచెము ప్రక్కకు ఒరిగి దిగెను; మేము వ్రేలితో త్రోసి సరిచేసితిమి. మా మేనల్లుడు వంగి చూచి, “మామా, అది పూర్తిగా కూర్చోలేదనిపిస్తా ఉంది” అనెను. “నీకు తెలియదు, ఊరకుండు” అంటిమి. ముప్పది యేండ్లలో తరగతిగదిలో ఆ మాట ఎన్నిమార్లు అనియుందుమో! వాడు ఊరకుండెను.

క్రాంకుషాఫ్టును అంతకుముందే లేతు అంగడిలో రెండు మొనల నడుమ తిప్పించి, డయలు గేజితో చూపించితిమి, వంకర లేదు. దానిని కూర్చి, క్రొత్త కాగితపు ప్యాకింగు వేసి, రెండవ చెక్కను మూసి మరమేకులు బిగించుచు వచ్చితిమి. సగము బిగించునప్పటికి షాఫ్టు బరువుగా తిరుగసాగెను. పూర్తిగా బిగించునప్పటికి తిరుగనే లేదు. కొయ్యసుత్తితో షాఫ్టు కొనను తట్టి చూచితిమి, ఫలము లేదు. మేస్త్రీగారు వచ్చి, చేయి వేసి, “ఏ పక్క బేరింగు సరిగా దిగలేదు?” అని అడిగిరి. మేము మాటలాడలేదు. మా మేనల్లుడును మాటలాడలేదు. వాడు చెప్పియుండవచ్చును; చెప్పలేదు.

“వీడు ముందే చెప్పినాడు. నేనే వినలేదు” అని మేము అనవలసి వచ్చెను. అనుటకు కొంతసేపు పట్టినది. మేస్త్రీగారు తల ఊపి, “మంచిది. ఇంకోసారి విప్పండి” అనిరి. వాడు మాత్రము తల వంచుకొని ఇడ్లీపళ్ళెము దగ్గఱకు లాగుకొనెను.

మరల విప్పితిమి. ప్యాకింగు చినిగినది. బేరింగు ఒక ప్రక్క అర మిల్లీమీటరు పైకి నిలిచియుండెను. కంటికి చూడ నేమియు లేదు, వ్రేలికి మాత్రము తెలిసెను. పెట్టెను మరల వేడిచేసి, ఈమారు వాడే దించెను. చల్లారునంతవఱకు కడియమునకు సరిపడు గొట్టముతో వెలుపలి అంచున అదిమి పట్టుకొనెను. క్రొత్త ఆయిలు సీళ్ళను పెదవి క్రాంకు వైపునకు తిరిగియుండునట్లు పెట్టితిమి. మూసిన పిదప షాఫ్టు ఒక్క వ్రేలితో తిరిగెను.

గాలి చొరబడుట లేదని తెలిసికొను ఉపాయమును కూడ చెప్పెదము. సైకిలు పంపు గల ఇంట ఎవ్వరైన చేయవచ్చును. సిలిండరు బిగించి, గాలి వచ్చు పోవు ద్వారములను రబ్బరుముక్కలతో మూసి, ఒక గొట్టము ద్వారా పంపుతో మెల్లగా గాలి యెక్కించి, అతుకులపై సబ్బు నురుగు పూయవలెను. ఎక్కువ ఎక్కించిన సీళ్ళు బయటికి దూకును. క్లచ్చి వైపు ఒక మరమేకు క్రింద రెండు బుడగలు లేచెను. బిగింపగా ఆగెను.

యంత్రమును బండిపై నెక్కించి, తీగలు కలిపి, పాయింట్ల ఎడము సరిచేసి, కిక్కు కొట్టిన దినము ఆదివారము. అయిదవ కిక్కునకు లేచెను. మేము ముగ్గురమును మాటలాడక వింటిమి. మేస్త్రీగారు పొడుగాటి తిరుపుళి మొనను పెట్టెపై నుంచి, పిడిని చెవికి ఆనించుకొని, కుడిప్రక్కను, ఎడమప్రక్కను చాలసేపు వినిరి. తిరుగలి చప్పుడు లేదు. ఆయన తిరుపుళిని మా మేనల్లుని చేతికిచ్చి, నీవు వినుమని సైగ చేసిరి.

రాతిగుట్టల సంగతి యడుగుదురేమో. వాడు మఱుసటి వారము మెల్లగా ఒక చిన్న గుట్ట యెక్కించుటకు పోయి, సగమున పడి, క్లచ్చి కడ్డీ విఱుగగొట్టుకొని వచ్చెను. వాని లెక్క ప్రకారము దోషములు అయిదు. ఆ కడ్డీ కొఱకు ఇంకను వెదకుచున్నాము. ప్రస్తుతము వేరొక బండి కడ్డీని రాచి పెట్టినది యున్నది.

కాని ఆ ఆదివారమున, బండి నిలిచి తిరుగుచుండగా, మా అమ్మగారు గడప మీద కూర్చుండి వినిరి. మేము ఆమె ముఖమును చూచుచుంటిమి. కొంతసేపటికి, “మూలుగు పోయింది. కానీ తొందరపడుతా ఉంది రా. మీ నాయన ఇంత తొందరగా పెట్టేవాడు కాదు” అనిరి. మా మేనల్లుడు కార్బురేటరు ప్రక్కనున్న చిన్న మరమేకును పావుచుట్టు వెనుకకు త్రిప్పెను. ధ్వని తగ్గి, ఒక్కొక్క దెబ్బయు వేఱు వేఱుగా వినబడసాగెను. “ఇంకా కొంచెం” అనిరి అమ్మగారు. వాడు ఇంకొక వెంట్రుకవాసి త్రిప్పెను.